టాప్ 40లో ఒక్క ర్యాప్ పాటా లేని వారం: చార్టులో అసలేం జరిగింది?

చార్టుపిచ్చి:
బిల్‌బోర్డ్ హాట్ 100 అంటే అమెరికాలో పాటలకు వారంవారం ర్యాంకులిచ్చే చార్టు. అందులో 2025 అక్టోబర్ 25 తేదీ వేసిన జాబితా తీయండి. మొదటి 40 స్థానాల్లో ర్యాప్ ఒక్కటీ లేదు. 1990 ఫిబ్రవరి తర్వాత ఇలా జరగడం ఇదే మొదటిసారి. జనం ర్యాప్ వినడం తగ్గించేశారా, లేక లెక్క కట్టే తీరు మారిందా? ఇంకోటి, హైదరాబాద్‌లో కూర్చుని వింటే ఆ లెక్కలోకి వెళ్తుందా?

వారంవారం:
రెండూ ఉన్నాయండీ. కానీ సరిగ్గా ఆ వారమే దెబ్బ పడడానికి కారణం నియమం. పాతబడ్డ పాటల్ని హాట్ 100 నుంచి తీసేసే పద్ధతి ఒకటుంది, రికరెంట్ రూల్ అంటారు. ఇదివరకు 20 వారాలు దాటిన పాట 50 కంటే కిందికి జారితే తీసేసేవాళ్లు. 52 వారాలు దాటితే ఆ గీత 25 దగ్గర ఉండేది. అక్టోబర్ 25 చార్టుతో దీన్ని బిగించారు. 26 వారాలు దాటితే టాప్ 25లో, 52 దాటితే టాప్ 10లో, 78 దాటితే టాప్ 5లో ఉండాలి. 20 వారాలకు 50 అన్నది అలాగే ఉంచారు.

ఇప్పుడు ర్యాపర్ కెండ్రిక్ లమార్, గాయని సిజా పాడిన 'లూథర్' సంగతి చూడండి. అది 13 వారాలు నంబర్ వన్‌గా ఉన్న పాట. అక్టోబర్ 18 చార్టులో 38వ స్థానం, అప్పటికి 46 వారాలు. పాత నియమం ప్రకారం అది పోయే పాట కాదు: 52 నిండలేదు, 50కి పైనే ఉంది. కొత్త నియమంతో మరుసటి వారమే తీసేశారు. మిగిలిన ర్యాప్‌లో అన్నిటికన్నా పైనున్నది యంగ్‌బాయ్ నెవర్ బ్రోక్ అగైన్ పాట, 44లో.

పైగా ఆ ముందు వారం మొదటి 12 స్థానాలూ టేలర్ స్విఫ్ట్ కొత్త ఆల్బమ్‌వే. పెద్ద ఆల్బమ్ దిగితే మిగతావన్నీ కిందికి జరుగుతాయి. 2021 సెప్టెంబర్‌లో ర్యాపర్ డ్రేక్ ఆల్బమ్ టాప్ 10లో 9 స్థానాలు పట్టేసినప్పుడు ఇదే పని ర్యాప్ వైపు నుంచి జరిగింది.

అలాగని మొత్తం నియమం మీదికే నెట్టడం నాకు నచ్చదు. 46 వారాల పాట ఒక్కటే పరువు నిలబెడుతోందంటే, కొత్త ర్యాప్ పాటలు పైదాకా ఎక్కట్లేదనే కదా.

శుక్రవారం_లెక్క:
పై జవాబుకు తోడుగా తేదీల గొడవ చెప్తాను, చాలామంది పొరబడేది ఇక్కడే. చార్టు మీదుండే తేదీ పాట విన్న వారం కాదు. లెక్క శుక్రవారం నుంచి గురువారం దాకా. తర్వాతి సోమవారం టాప్ 10 చెప్తారు, మర్నాడు మొత్తం జాబితా వస్తుంది. తేదీ మాత్రం ఆ వచ్చే శనివారానిది వేస్తారు.

ఉదాహరణకు కెండ్రిక్ లమార్ పాట 'నాట్ లైక్ అస్' 2024 మే 4న, శనివారం వచ్చింది. లెక్క వారం మే 3 నుంచి 9. అంటే మొదటి రోజు పూర్తిగా పోయింది. అయినా మే 18 తేదీ చార్టులో నేరుగా నంబర్ వన్‌లో దిగింది. వారం మధ్యలో విడుదలైన పాట మొదటి వారం 60లో ఉండి, రెండో వారం 20కి వస్తే "జనం తర్వాత ఎక్కించుకున్నారు" అని రాసేస్తుంటారు. ముందు ఎన్ని రోజుల లెక్క పడిందో చూడండి.

స్ట్రీమ్‌లన్నీ, అంటే ఆన్‌లైన్‌లో విన్నవన్నీ, ఒకే తూకం కూడా కావు. 2018లో తెచ్చి 2025 దాకా నడిపిన పద్ధతిలో డబ్బు కట్టిన చందాదారు వింటే పూర్తి పాయింటు, యాడ్స్‌తో ఉచితంగా వింటే మూడింట రెండు వంతులు ఇచ్చేవాళ్లు. ఈ తూకాలు మారుస్తుంటారు కాబట్టి వేర్వేరు ఏళ్ల పాటల్ని పక్కపక్కన పెట్టేటప్పుడు జాగ్రత్త.

చార్టుపిచ్చి:
మరి ర్యాప్ పాటలకే ఉన్న బిల్‌బోర్డ్ చార్టు హాట్ ర్యాప్ సాంగ్స్‌కి లెక్క వేరా? రీమిక్స్ వస్తే విడిగా చూస్తారా?

వారంవారం:
సూత్రం అదే: స్ట్రీమింగ్, అమ్మకాలు, రేడియో. అందులోంచి ర్యాప్ పాటల్ని ఏరి 25 స్థానాలు పేరుస్తారు. అందుకే హాట్ 100లో 44లో ఉన్నది అక్కడ నంబర్ వన్ కావచ్చు. "ర్యాప్ చార్టులో నంబర్ వన్" అని చెప్పేటప్పుడు హాట్ 100 స్థానం కూడా పక్కనే రాయండి. ర్యాప్ ఎయిర్‌ప్లే మాత్రం వేరే జాబితా, అది రేడియో ఒక్కటే.

రీమిక్స్‌ను అసలు పాటతో కలిపేస్తారు. రీమిక్స్‌లో చేరిన అతిథి గాయకుడి పేరు చార్టులో పడాలంటే ఆ వారం వినికిడిలో ఎక్కువ భాగం రీమిక్స్‌దే కావాలి. వేరేవాళ్లు పాడిన కవర్ కలవదు.

శుక్రవారం_లెక్క:
హైదరాబాద్ ప్రశ్న మిగిలిపోయింది. హాట్ 100 అమెరికా లోపలి లెక్క మాత్రమే. గచ్చిబౌలిలో వెయ్యి సార్లు విన్నా దానికి చేరదు, డల్లాస్‌లో ఉన్న మీ బంధువు వింటే చేరుతుంది. మనం వినేది 2020 సెప్టెంబర్‌లో మొదలైన గ్లోబల్ 200లోకి వెళ్తుంది. అందులో రేడియో ఉండదు, 200కు పైగా ప్రాంతాల స్ట్రీమింగ్, డౌన్‌లోడ్‌లు ఉంటాయి. కేరళలో పుట్టిన ర్యాపర్ హనుమాన్‌కైండ్ పాట 2024లో హాట్ 100లో 23 దాకా ఎక్కిందంటే, అమెరికాలో ఉన్నవాళ్లు విన్నందుకే.