సీడ్ వేసినా కొత్త కణాలు పుడుతున్నాయి: తప్పు సోపుదా, సీడ్‌దా?

కొత్తలేటెక్స్: 100 నానోమీటర్ల పాలీస్టైరీన్ సీడ్‌ను (ముందే చేసిపెట్టుకున్న చిన్న కణాలను) 200కి పెంచాలి. చర్య మొదలుపెట్టే పొటాషియం పర్‌సల్ఫేట్‌తో 70 డిగ్రీల దగ్గర స్టైరీన్ (పాలీస్టైరీన్ ముడిసరుకు) చుక్కచుక్కగా పోస్తున్నాను. టీఈఎంలో (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో) పెద్ద కణాల మధ్య 40 నానోమీటర్ల పిల్ల కణాలు కనబడుతున్నాయి. సోపు, అంటే ఎస్‌డీఎస్, తగ్గించాలా, సీడ్ పెంచాలా?

మైసెల్: ఎస్‌డీఎస్ తగ్గించండి. స్వచ్ఛమైన నీళ్లలో 8 మిల్లీమోలార్ దాటితే మైసెల్స్ (సోపు అణువుల గుంపులు) వస్తాయి. మైసెల్స్ ఉంటే కొత్త కణాలు పుడతాయి. అంతే.

రియాక్టర్‌రాత్రి: అంతే కాదండి. సోపు అసలు వేయకపోయినా లేటెక్స్ (నీళ్లలో తేలే ఈ కణాల పాలు) తయారవుతుంది కదా! పర్‌సల్ఫేట్ నుంచి నీళ్లలో పుట్టిన రాడికల్ (చురుకైన అణు ముక్క) కొన్ని స్టైరీన్లను తగిలించుకోగానే ఇక కరగలేదు. దగ్గర్లో సీడ్ ఉంటే దానిమీద వాలుతుంది, లేకపోతే తానే కొత్త కణమవుతుంది. సీడ్ ఉపరితలం చాలకపోవడమే అసలు రోగం.

మైసెల్: సీడ్ పెంచితే 200 వస్తుందా? గ్రాము సీడ్‌కు 7 గ్రాముల స్టైరీనే పోయాలి.

రియాక్టర్‌రాత్రి: ఆ నిష్పత్తి మార్చమనలేదు. రెండూ పెంచి నీళ్లు తగ్గించమంటున్నా.

చిక్కటిపాలు: సోపు మరీ తగ్గిస్తే గడ్డ కడుతుంది. స్టిర్రర్‌కు పట్టిన ముద్ద గీకలేక చచ్చాను.

మైసెల్: సోపు తగ్గించిన మా బ్యాచ్‌లన్నిటికీ డీఎల్‌ఎస్‌లో (కణాలు వెదజల్లే కాంతితో సైజు కొలిచే పరికరంలో) ఒకే పీక్ వచ్చింది. ఇంకేం కావాలి?

రియాక్టర్‌రాత్రి: వెదజల్లే కాంతి వ్యాసానికి ఆరో ఘాతంలో పడిపోతుంది. 200 పక్కన 40 అంటే సుమారు 15 వేల రెట్లు తక్కువ. డీఎల్‌ఎస్‌కు అవి కనబడవు. టీఈఎం తీశారా?

మైసెల్: ప్రతి బ్యాచ్‌కూ టీఈఎం డబ్బులు ఎవరిస్తారు? పాత కంపెనీలో ఇలాగే ఒక్క ఫొటో చూపించి నా బ్యాచ్ మొత్తం పారబోయించారు. ఆ రంగు గోడ మీద శుభ్రంగా పడేది! 40 కణం బరువు 200 కణంలో 125వ వంతు. లెక్కకు సగం అవే ఉన్నా బరువులో 1 శాతం రావు.

రియాక్టర్‌రాత్రి: రంగుకా! ఇంతసేపూ మీరు బరువు లెక్క చెబుతున్నారు, నేను కణాల లెక్క. మేం చేసేది రక్తపరీక్షల కిట్ల లేటెక్స్. సగం కణాలు వేరే సైజులో ఉంటే ఆ బ్యాచ్ మాకు పనికిరాదు. కొత్తలేటెక్స్ గారూ, మీకు ఎందుకు కావాలి?

కొత్తలేటెక్స్: మైక్రోస్కోప్ కాలిబ్రేషన్‌కు.

మైసెల్: ఆ మాట ముందే చెప్పాల్సింది. అయితే కణాల లెక్కే చూడాలి, టీఈఎం తప్పదు. సోపు సంగతి మాత్రం వదలను. మొదట్లోనే మొత్తం వేయకండి, కణాలు పెరిగేకొద్దీ కొంచెం కొంచెం పోయండి.

రియాక్టర్‌రాత్రి: పోయండి, కానీ ముందు సీడ్ పెంచండి.