క్రిస్ క్రిస్టాఫర్సన్: సినిమాలు ఆ పాటగాణ్ణి మింగేశాయా?

పాతక్యాసెట్:
అమెరికాలో కంట్రీ పాటలు (అక్కడి పల్లె బాణీ సంగీతం) రాసి పాడిన క్రిస్టాఫర్సన్ 2024 సెప్టెంబర్‌లో 88 ఏళ్ల వయసులో పోయినప్పుడు మా వాట్సాప్ గ్రూపులో ‘బ్లేడ్ సినిమాలో గడ్డం ముసలాయనట, పాపం’ అని ఒక్క ముక్కతో తేల్చేశారు. అప్పట్నుంచీ నాకు కడుపు మంట. ‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ పాట రాసిన మనిషిని రక్తపిశాచుల సినిమాలో ఆయుధాలు చేసిపెట్టే తాతగా గుర్తుపెట్టుకోవడమేంటండీ? నా వాదన సూటిగా చెప్తా. సినిమా వేషాలు మొదలయ్యాక ఆయన పాట పల్చబడిపోయింది. 1976 నాటి ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ సినిమాలో నటనకి గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది, సంతోషం. సినిమాల్లోకి దిగాక ఆయన రాసిన గొప్ప పాట ఒక్కటి గబుక్కున చెప్పండి చూద్దాం.

హైవే44:
‘హైవేమ్యాన్’ ఉందిగా గురూ! 1985. జానీ క్యాష్, విల్లీ నెల్సన్, వేలన్ జెన్నింగ్స్, ఈయన, నలుగురు కంట్రీ గాయకులూ కలిసి దుమ్ము దులిపారు.

రాత్రిషిఫ్ట్:
అది జిమ్మీ వెబ్ రాసిన పాట బ్రదర్, వీళ్లు పాడారంతే. కానీ క్యాసెట్ గారూ, మీరూ ఒకటి మర్చిపోయారు. ‘వై మీ’. గాయకుడిగా కంట్రీ చార్టులో ఆయనకి సొంతంగా దక్కిన ఒకే ఒక్క నంబర్ వన్ అదే, అదీ 1973లో. అప్పటికే ‘సిస్కో పైక్’ సినిమాలో హీరోగా చేసేశాడు. ఇంకో సంగతి, ఆయన పేరు చెప్పగానే మనకి గుర్తొచ్చే పాటలు చాలావరకు 1970లో మొదటి ఆల్బమ్ వచ్చేనాటికే రాసేసినవి. ఆక్స్‌ఫర్డ్‌లో పేరున్న రోడ్స్ స్కాలర్‌షిప్ మీద చదివి, సైన్యంలో కెప్టెన్‌గా హెలికాప్టర్లు నడిపి, వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో ఇంగ్లీషు పాఠాలు చెప్పే ఉద్యోగం చేతికొస్తే వద్దని 1965లో కంట్రీ పాటలకి పుట్టిల్లులాంటి నాష్‌విల్ వచ్చి కొలంబియా రికార్డింగ్ స్టూడియోలో నేల తుడిచాడు. ఇంట్లోవాళ్లకి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. తర్వాత గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో చమురు బావులకి హెలికాప్టర్‌లో మనుషుల్ని చేరవేస్తూ, ఆ ఖాళీలో రాసుకున్నాడు. ఆ ఐదేళ్లలో ఉన్నదంతా కుమ్మరించేశాడు. సినిమా వచ్చేసరికి బావిలో నీళ్లు కిందికి పోయాయి, అంతే. దానికి సినిమా ఏం చేస్తుంది?

గోదారిగట్టు:
మన బాలు గారు ‘మిథునం’లో వేషం వేస్తే పాట పాడైపోయిందని ఎవరన్నా అన్నారా? ఎందుకీ గొడవ?

పాతక్యాసెట్:
పోలిక కుదరదండీ. బాలు గారు వేరేవాళ్లు రాసింది పాడారు. ఈయన గొంతు గురించి గొప్పలు ఎవరూ చెప్పరు, ఆయనా చెప్పుకోలేదు. ఈయన రాసేవాడు. బాబీ మెక్‌గీని రాక్ గాయని జానిస్ జాప్లిన్ పాడితే 1971లో నంబర్ వన్ అయింది, ‘సండే మార్నింగ్ కమింగ్ డౌన్’ని జానీ క్యాష్ పాడితే 1970లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వాళ్లు ఆ ఏటి పాటగా ఎంచారు. ఆ పాటలో ఏముంది? ముందురోజు తాగింది దిగని మనిషి, మాసిన చొక్కాల్లోనే కాస్త నయమైనది వెతికి తగిలించుకుని, ఆదివారం పొద్దున వీధిలోకొస్తే ఎవరింట్లోనో కోడి వేగుతున్న వాసన. అంతే కథ. ఆ వాసన తెలియాలంటే నడిచి వెళ్లాలి, జేబు ఖాళీగా ఉండాలి. షూటింగ్ కారవాన్‌లో కూర్చున్నవాడి ముక్కుకి అది తగుల్తుందా?

రీలుబాక్సు:
అబ్బో, అయితే కవులంతా జీవితాంతం చీపురు పట్టుకునే ఉండాలన్నమాట! నటుడిగా ఆయన్ని తక్కువ చేయకండి. 1996లో వచ్చిన ‘లోన్ స్టార్’ చూశారా? టెక్సస్ సరిహద్దు ఊళ్లో లంచగొండి షెరీఫ్, అంటే అక్కడి పోలీసు అధికారి. హోటల్లో టేబుల్ మీద రొట్టెల బుట్ట మీదకి కెమెరా దిగుతుంది, కట్ లేకుండానే కాలం దాదాపు నలభై ఏళ్లు వెనక్కి పోతుంది, రొట్టె కింద నోట్లు, వాటిని తీసుకుంటున్న చెయ్యి ఈయనది. అరుపుల్లేవు, కళ్లెర్రజేయడం లేదు. నాకు ఒళ్లు జలదరించింది. పాటలో ఒక్క మాటా ఎక్కువ వాడని మనిషి నటనలోనూ అదే పొదుపు చూపించాడు.

రాత్రిషిఫ్ట్:
ఇంకో లెక్క కూడా చూడండి. 1980లో ఈయన హీరోగా ‘హెవెన్స్ గేట్’ సినిమా. సుమారు 4.4 కోట్ల డాలర్లు పోస్తే అందులో పదో వంతు కూడా తిరిగి రాలేదు, దాన్ని తీసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ కంపెనీయే ఎంజీఎం అనే ఇంకో స్టూడియో చేతికి పోయింది. ఆ దెబ్బతో ఈయనకి పెద్ద హీరో వేషాలు తగ్గిపోయాయి. క్యాసెట్ గారి థియరీ నిజమైతే అప్పుడు పాట మళ్లీ పుంజుకోవాలి కదా? రాశాడు కూడా. నికరాగ్వా గురించి, అమెరికా ప్రభుత్వం అక్కడ చేస్తున్నదాని గురించి. రీగన్ అధ్యక్షుడిగా ఉన్న కాలంలో ఏ కంట్రీ రేడియో వేస్తుందండీ అవి? పాట పల్చబడలేదు, వినేవాళ్లే పక్కకి జరిగారు. అందులో తప్పు సినిమాది కాదు.

గోదారిగట్టు:
తాగుడు మానేసింది కూడా ‘ఎ స్టార్ ఈజ్ బార్న్’ తర్వాతే. అందులో ఆయనది తాగి తాగి నాశనమయ్యే గాయకుడి పాత్ర. తెరమీద తన చావు తనే చూసుకుని మానేశాడంటారు. ఆ వేషం వెయ్యకపోతే 88 దాకా ఉండేవాడా?

పాతక్యాసెట్:
‘వై మీ’ మర్చిపోవడం నా తప్పే, ఒప్పుకుంటున్నా. నికరాగ్వా పాటలు నేను ఒకట్రెండు విన్నాను, ఉపన్యాసంలా అనిపించి ఆపేశా. మళ్లీ వింటా. కానీ 1973 తర్వాత బాబీ మెక్‌గీ పక్కన నిలబడే పాట ఏదీ ఎవరూ చెప్పలేదు, గమనించండి.

హైవే44:
నేను హాస్టల్లో బ్లేడ్ చూసే ఈ ముసలాయన ఎవరా అని పేరు వెతికాను అన్నా. అలా వెతికితే జానీ క్యాష్ పాడిన ఆ ఆదివారం పాట తగిలింది. ఆ రాత్రి మా రూమ్మేట్ ఆపరా బాబూ అని దిండు విసిరేదాకా వింటూనే ఉన్నా.