హక్కా అంటే నూడుల్స్ కాదట, భాషట! నేర్చుకునుడు ఎట్లా?

కాచిగూడ_కబుర్లు:
హైదరాబాద్‌ల ఏ ఫాస్ట్‌ఫుడ్ బండి చూసినా ‘హక్కా నూడుల్స్’ అని రాసుంటది. కోల్‌కతా టాంగ్రాలోని చైనా వాళ్ల భాష పేరు అదేనట. అక్కడి పెద్దవాళ్లతో నాలుగు ముక్కలు మాట్లాడాలని ఉంది. ఇక్కడ దొరికేవన్నీ మాండరిన్ క్లాసులే. సరిపోతయా?

ట్రామ్_టికెట్:
సరిపోవండీ. లిపి ఒకటే గానీ మాట వేరు. ‘నేను’ మాండరిన్‌లో వో, హక్కాలో ఙై. పువ్వు అక్కడ హ్వా, ఇక్కడ ఫా. తెలుపు అక్కడ పై, ఇక్కడ ఫాక్.

టాంగ్రా వాళ్లలో ఎక్కువమంది మూలాలు చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రానికి ఈశాన్యాన ఉన్న మెయ్‌షియన్‌లో ఉన్నాయి. తోళ్లు శుద్ధి చేయడం వాళ్ల వృత్తి. 1962 యుద్ధమప్పుడు భారత చైనీయులను వేలల్లో రాజస్థాన్‌లోని దేవలీ శిబిరంలో పెట్టారు. ఆ తర్వాత చాలామంది కెనడా వెళ్లిపోయారు. 1996లో సుప్రీంకోర్టు తోళ్ల కార్ఖానాలను ఊరి బయటికి పంపమంది. మిగిలింది హోటళ్లు. మీ నూడుల్స్ పేరు ఆ వంటగదుల నుంచి వచ్చిందే.

వర్ణమాల:
ఒకటో తరగతిలో బట్టీపట్టి వదిలేసిన ‘ఙ’కు ఇన్నాళ్లకు పని దొరికింది! ‘బంగారం’ మెల్లగా అనండి. సున్న దగ్గర ఆగండి, నాలుక వెనక భాగం పైకి అంటుకుని ఉంటుంది. ‘గ’ పలక్కుండా అక్కడి నుంచే ‘ఐ’ అనండి. అదే ఙై. ఐదు అంకెకు అచ్చు కూడా ఉండదు, ఒట్టి ‘ఙ్’. చేప కూడా ‘ఙ్’యే. తేడా స్వరంలోనే, అంటే గొంతు ఎత్తుపల్లాల్లో: ఐదుకు స్వరం కిందికి జారాలి, చేపకు అడుగునే నిలకడగా ఉండాలి.

మనవాళ్లు తప్పు చేసేది రెండు చోట్ల. మాట చివర ‘ఉ’ చేర్చడం మనకు అలవాటు, బస్‌ను బస్సు అన్నట్టు. హక్కాలో ఒకటి యిత్, ఆరు లియుక్, ఏడు ఛిత్, ఎనిమిది పత్, పది సప్. ఇవి ‘పత్తు’, ‘సప్పు’ అయితే ఎవరికీ అర్థం కావు. ‘సప్’కు పెదవులు మూసి, మిగతావాటికి నాలుక అంటించి అక్కడే ఆపేయాలి, గాలి వదలొద్దు.

రెండోది ‘ఫ’. మనం రెండు ధ్వనులకూ ఒకే అక్షరం రాస్తాం. ‘ఫా’ (పువ్వు) పై పళ్లు కింది పెదవికి తగిలించి అనాలి, ‘ఫాన్’లోలాగా. ‘ఫాక్’ (తెలుపు) అలా కాదు, పెదవులు పూర్తిగా మూసి ‘ప’కు గాలి జోడించాలి. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుంటే గాలి తగులుతుంది. ‘పత్’కు తగలకూడదు.

కాచిగూడ_కబుర్లు:
షుక్రియా అన్నా! విని నేర్చుకునేందుకు ఏమన్న ఉందా?

ట్రామ్_టికెట్:
తైవాన్ విద్యాశాఖ హక్కా నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది, ఆడియోతో. ఆరు యాసలుంటాయి. సిషియన్ ఎంచుకోండి, మెయ్‌షియన్‌కు దగ్గరగా ఉంటుంది. హైలూ జోలికి మాత్రం వెళ్లకండి. త్, ప్, క్‌లతో ఆగే మాటల్లో సిషియన్‌లో ఎత్తు స్వరం ఉన్నచోట హైలూలో పల్లపు స్వరం ఉంటుంది. రెండూ కలిపితే అంకెలన్నీ తారుమారే.

సిషియన్‌లోనూ ఒక తేడా ఉంది. అందులో మొదటి స్వరం (పువ్వు ‘ఫా’ది) కింది నుంచి పైకి లేస్తుంది, మెయ్‌షియన్‌లో ఎత్తుగా, సమంగా సాగుతుంది. టాంగ్రాలో వినేది ఈ రెండోదే. అన్నట్టు, ‘ఙై’ అక్షరం కొన్ని ఫోన్లలో ఖాళీ డబ్బాలా కనిపిస్తుంది. నిఘంటువు తప్పు కాదు, ఫాంటు లేకే.