పౌరహక్కుల ఉద్యమ కుటుంబం నుంచి వస్తున్న పాస్టరు గారిని ఎలా సన్మానించాలి?

సంఘ కార్యదర్శి, అట్లాంటా:
అందరికీ వందనాలు. మాది అట్లాంటా శివార్లలో ఒక తెలుగు క్రైస్తవ సంఘం. జనవరి మూడో సోమవారం నల్లజాతి పౌరహక్కుల నాయకుడు మార్టిన్ లూథర్ కింగ్ జూనియర్ పేరిట సెలవు. దాని ముందు ఆదివారం ఒక నల్లజాతి బాప్టిస్టు పాస్టరు గారు మాకు వాక్యం (బైబిలు ప్రసంగం) చెప్తారు. వారి తాతగారు 1963లో అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్ పౌరహక్కుల ఉద్యమంలో జైలుకెళ్లిన పాస్టరు. పరిచయం, శాలువా, జ్ఞాపిక, కానుక ఏ వరసలో పెట్టాలి? తెలుగు అనువాదం కూడా ఉంటుంది.

పాత సంఘపెద్ద:
వందనాలు బ్రదర్. ఎక్కువగా తేడా వచ్చేది పరిచయంలోనే. రెండు నిమిషాలు మించొద్దు. ముందు ఆయన సొంత సేవ చెప్పండి, తాతగారి సంగతి తర్వాత. "ఫలానా వారి మనవడు" అని మొదలుపెడితే ఆయన చేసిందంతా పక్కకు పోతుంది. ఇంటిపేరుకు ముందు రెవరెండ్ అనాలా, రెవరెండ్ డాక్టర్ అనాలా అన్నది వారి ఆఫీసునే అడగండి.

ఊళ్లూ తేదీలూ కలిపేయకండి. బస్సుల్లో వర్ణవివక్ష మీద 381 రోజులు సాగిన బస్సుల బహిష్కరణ అదే రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో, 1955 డిసెంబరులో మొదలైంది. బర్మింగ్‌హామ్ ఉద్యమం మొదలైంది 1963 ఏప్రిల్ 3న. ఏప్రిల్ 12, గుడ్ ఫ్రైడే రోజు కింగ్‌నీ ఆయన సహచరుడు రాల్ఫ్ అబర్నతీనీ అరెస్టు చేశారు. మే 2న బడిపిల్లలు రోడ్డెక్కారు. నలుగురు బాలికలు చనిపోయిన బాంబు దాడి సెప్టెంబరు 15న, 16వ వీధి బాప్టిస్టు చర్చిలో. తాతగారు ఎప్పుడు అరెస్టయ్యారో కుటుంబమే చెప్పాలి. "కింగ్ కుడిభుజం" లాంటి బిరుదులు మనం తగిలించొద్దు. బర్మింగ్‌హామ్‌లో ఉద్యమాన్ని ఏళ్ల తరబడి నడిపింది పాస్టరు ఫ్రెడ్ షటిల్స్‌వర్త్. 1956 క్రిస్మస్ రాత్రి ఆయన ఇంటినే బాంబుతో పేల్చారు. ఈ పేర్లు పలకడం అనువాదకుడు ముందే సాధన చేయాలి.

సౌండ్ బ్రదర్:
శాలువా వాక్యం అయ్యాకే కప్పండి. ముందే కప్పితే కాలరు మైకుకు రాసుకుని, తల తిప్పినప్పుడల్లా స్పీకర్లలో బరబరా వినిపిస్తుంది. ఎందుకు కప్పుతామో ముందురోజే ఆయనకు చెప్పండి. పూలదండ వద్దు, కొన్ని సంఘాలకు అభ్యంతరం, కొందరికి పుప్పొడి పడదు.

అనువాదంతో 25 నిమిషాల ప్రసంగం 50 అవుతుంది, ఆ లెక్కన పాటలు తగ్గించండి. వాక్యానికో వాక్యం అనువదిస్తే నల్లజాతి ప్రసంగానికి ప్రాణమైన లయ తెగిపోతుంది. మూడు నాలుగు వాక్యాలకోసారి ఆగమని అడగండి. వాళ్ల సంఘాల్లో సభ బదులు పలుకుతుంది. మనవాళ్లు బిగదీసుకుని కూర్చుంటే వాక్యం నచ్చలేదేమో అనుకుంటారు, "ఆమెన్" గట్టిగా అనమని ముందే చెప్పండి.

కోశాధికారి:
కానుక చెక్కు రూపంలో కవర్లో పెట్టి, వేదిక మీద కాకుండా ఆఫీసు గదిలో ఇవ్వండి. అది ఆయనకు పన్ను పడే ఆదాయం, కాబట్టి ఆయన పన్ను నంబరు ఉండే డబ్ల్యూ-9 ఫారం ముందే తెప్పించుకోండి. విమానం, హోటలు ఖర్చులు రసీదులు తీసుకుని వేరే చెక్కుతో ఇవ్వండి. రెండూ కలిపితే ఏడాది చివర లెక్క తేలదు.

జ్ఞాపిక గాజుది వద్దు, పెట్టెలో పగులుతుంది. 8×10 అంగుళాల చెక్క పలక చాలు. చెక్కే ముందు పేరు స్పెల్లింగు నమూనా వాళ్లకు పంపండి.

కింగ్ 1963 ఆగస్టు 28న చేసిన "ఐ హావ్ ఎ డ్రీమ్" ప్రసంగానికి కాపీరైట్ ఉంది. కార్యక్రమ పత్రంలో మొత్తం అచ్చు వేయొద్దు, లైవ్‌లో ఆ వీడియో నడపొద్దు.

పాత సంఘపెద్ద:
ఒకటి మర్చిపోయాను. ధన్యవాదాలు చెప్పేవారు 1965ను తప్పక తలవాలి. ఓటుహక్కు చట్టం ఆగస్టు 6న, దేశాలవారీ కోటాలు ఎత్తేసిన వలస చట్టం అక్టోబరు 3న సంతకమయ్యాయి. మనవాళ్లు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది ఆ రెండో చట్టంతోనే, దానికి దారి వేసింది వాళ్ల పోరాటం.