మ్యూనిక్‌లో గట్టిగా నిలబడి ఉంటే రెండో ప్రపంచ యుద్ధం ఆగేదా?

కావలి_రైతు:
మా వాడి సోషల్ పుస్తకం తిరగేస్తుంటే ఒళ్ళు మండింది. 1936లో హిట్లర్ రైన్‌లాండ్ ఆక్రమించాడు, ఎవరూ కిమ్మనలేదు. 1938 మార్చిలో ఆస్ట్రియా మింగాడు. సెప్టెంబరులో చెకోస్లొవేకియా నుంచి జర్మన్లు ఎక్కువగా ఉన్న సరిహద్దు ప్రాంతం సుడేటన్‌లాండ్ అడిగాడు. ఇదే ఆఖరి కోరిక అంటే బ్రిటన్, ఫ్రాన్స్ నమ్మి, జర్మనీలోని మ్యూనిక్‌లో రాసిచ్చేశాయి. ఆరు నెలలు తిరక్కుండా చెక్‌ల రాజధాని ప్రాగ్‌లో దిగాడు. గట్టు మొదటి అడుగు జరిపినప్పుడే కర్ర పట్టుకుని ఉంటే ఇంత యుద్ధం వచ్చేదే కాదు. కాదనేవాళ్ళు రండి.

కందుకూరు_మాస్టారు:
ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పినవాణ్ణి, ఒక దిద్దుబాటు. రైన్‌లాండ్ 'ఆక్రమణ' కాదు. అది జర్మనీ భూమే. అక్కడ సైన్యం ఉంచకూడదని మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం, ఆ షరతు తప్పాడు. ఇక మ్యూనిక్‌లో సంతకం పెట్టిన బ్రిటన్ ప్రధాని చాంబర్లిన్ సంగతి. అంతకు ఇరవై ఏళ్ళ ముందు ముగిసిన యుద్ధంలో బ్రిటన్ వాళ్ళు ఏడు లక్షలకు పైగా పోయారు. సుడేటన్‌లో సుమారు ముప్పై లక్షల మంది జర్మన్లు. వాళ్ళు జర్మనీలో కలవకుండా ఆపడానికి మళ్ళీ పిల్లల్ని చావుకు పంపుతారా? పైగా దొరికిన ఏడాదిలో బ్రిటన్ రాడార్లు, యుద్ధ విమానాలు సమకూర్చుకుంది.

ఒంగోలు_గిత్త:
ఆ ఏడాది హిట్లర్ నిద్రపోయాడా సార్?

కావలి_రైతు:
అదీ మాట! చెక్‌ల బంకర్లన్నీ ఎక్కువగా ఆ సుడేటన్ సరిహద్దులోనే ఉన్నాయి. అవి పోయాక మిగిలింది తలుపు లేని ఇల్లు. 1939 మార్చిలో స్కోడా ఆయుధాల ఫ్యాక్టరీ కూడా వాడి చేతిలో పడింది. మరుసటి ఏడు ఫ్రాన్స్ మీదికి పోయిన ట్యాంకుల్లో చెక్ ట్యాంకులున్నాయి.
నా సంగతే చెప్తా. మా కయ్య పక్కన రొయ్యల గుంట. కట్ట బలపరుస్తున్నామంటూ ఏటా మూరెడు ఇటు జరిపేవాళ్ళు. మూడో ఏడు ఉప్పునీరు ఊరి వరి ఎర్రబడింది. ఇప్పుడక్కడ గడ్డి కూడా మొలవదు, మట్టి మీద తెల్లగా పేరుకుంది.

కందుకూరు_మాస్టారు:
పాపమే. కానీ 'ఆక్రమించాడు' అన్నది ఇంకా దిద్దలేదు.

ఉలవపాడు_మామిడి:
ఇద్దరూ ఇంకా రైన్ నది దాటలేదు 😄

కావలి_రైతు:
మాస్టారూ, మార్కులు తర్వాత వేద్దురు. భూమి పోయినవాడి బాధ నెలజీతం వాళ్ళకేం తెలుస్తుంది?

కందుకూరు_మాస్టారు:
జీతం మాట ఎందుకయ్యా? మా నాయన ఆరు అంకణాల స్థలం కోసం పద్నాలుగేళ్ళు కోర్టుకు తిరిగాడు. గెలిచాడు కూడా. ఆ ఖర్చులకు రెండెకరాల మాగాణి అమ్మాడు, మా అక్క చదువు ఆగింది. గట్టిగా నిలబడ్డవాడి ఇంట్లో పెరిగాను నేను.

కావలి_రైతు:
జీతం మాట తప్పే, వెనక్కి తీసుకుంటున్నా. కానీ నిలబడాలని మీ నాయన తనకు తాను అనుకున్నాడు. మ్యూనిక్‌లో జర్మనీ, ఇటలీ, బ్రిటన్, ఫ్రాన్స్ కూర్చున్నాయి. చెక్‌లను లోపలికే రానివ్వలేదు, అయిపోయాక కాగితం చేతిలో పెట్టారు. మా గుంట పంచాయితీ కూడా అంతే. మా అమ్మ బయట అరుగు మీద కూర్చుంది. పెద్దమనుషులు లోపల టీ తాగి వచ్చి "తేలిపోయిందమ్మా" అన్నారు. రాజీయే తప్పని నేననను. ఎవరి కయ్య ఇచ్చేశారో వాళ్ళని అడగలేదు, అదీ నా మంట.

కందుకూరు_మాస్టారు:
ఈ మాట మొదటే రాసుంటే మనకింత రభస లేదు. అయితే మిగతాదీ రాయండి. ప్రాగ్ తర్వాత పోలండ్‌కు బ్రిటన్ హామీ ఇచ్చింది. ఆగస్టు 23న హిట్లర్ స్టాలిన్‌తో ఒప్పందం చేసుకుని, సెప్టెంబరు 1న పోలండ్ మీద పడ్డాడు. 3న బ్రిటన్ మీరన్నట్టే గట్టిగా నిలబడింది. అదే రోజు వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకుల్ని ఒక్కమాట అడక్కుండా మనల్నీ యుద్ధంలోకి దించాడు. అప్పట్లో మన కావలీ కందుకూరూ రెండూ నెల్లూరు జిల్లా, మద్రాసు రాష్ట్రం. రాజాజీ మంత్రివర్గం అక్టోబరులో రాజీనామా చేసింది దానికే. రాజీ పడ్డనాడు చెక్‌లు అరుగు మీద, నిలబడ్డనాడు మనం.

ఒంగోలు_గిత్త:
1942 ఏప్రిల్లో జపాన్ వాడు విశాఖ, కాకినాడల మీద బాంబులేశాడు. మద్రాసు నుంచి చుట్టాలు మూటాముల్లెతో దిగారని మా నాయనమ్మ చెప్పేది. నెలంతా వండి పోసిందట.

కావలి_రైతు:
1939 సంగతి ఒప్పుకుంటున్నా మాస్టారూ. రైన్‌లాండ్ మాత్రం ఆక్రమణే.

కందుకూరు_మాస్టారు:
కాదు.