పర్లాకిమిడిలో సంత, బస్టాండు ఒకే చోట: పైకప్పు, మురుగు మీద సలహా కావాలి

ఒడిశా గజపతి జిల్లా పర్లాకిమిడిలో రెండెకరాల్లో సంత, బస్టాండు కలిపి ప్లాను గీస్తున్నాం. పాతపట్నం వైపు బస్సులూ, కొండల మీంచి అల్లం, పసుపు, అనాస తెచ్చే జీపులూ ఒకే గేటులో పడితే పొద్దున్నే దారి మూసుకుపోతుంది. అందుకని సరుకు దారి వెనక నుంచి ఇచ్చాం. 12 మీటర్ల బస్సు తిరిగేందుకు 13 మీటర్ల వ్యాసార్థం వదిలాం. బస్సు రివర్స్ వచ్చే చోట మనుషులు నడవకూడదు, ఇందులో మాత్రం రాజీ లేదు.

చిక్కంతా పైకప్పుతోనే. వేడి పోవాలంటే కొప్పు (కప్పు రెండు వాలులూ కలిసే పైఅంచు) దగ్గర సందు కావాలి. తుపాను గాలి లోపలికి జొరబడి కింది నుంచి నెట్టిందా, రేకులు లేచిపోతాయి. 2018లో తిత్లీ తుపాను ఈ జిల్లాను ఎంత దెబ్బ తీసిందో మీకు తెలుసు. కట్టడాల మీద గాలి ఒత్తిడికి ఉన్న భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం లెక్క కడుతున్నాం. ఇలాంటివి కట్టినవారు అంచుల్లో, మూలల్లో బోల్టులు ఎంత దగ్గరగా వేశారు? సోలార్ పలకలను రేకుకు కాక పర్లిన్లకే (రేకుల కింద వాటిని మోసే అడ్డ దూలాలకే) బిగించారా?

రెండోది మురుగు. అల్లం మట్టి కాలువ అడుగున పేరుకుని గట్టిపడుతుంది, పైన కూరాకు అడ్డం పడుతుంది. కాలువ చివర మట్టి గుంత, జాలీ పెడుతున్నాం. బస్సుల ఆయిల్ నీళ్లకు వేరే కాలువ, ఆయిల్‌ను నీళ్ల నుంచి వేరుచేసి ఆపే తొట్టి (ఆయిల్ ట్రాప్). అవి కూరగాయల చెత్తతో కలిస్తే, ఆ చెత్త వేసే బయోగ్యాస్ ప్లాంటు పాడవుతుంది. గుంత పారతో ఎత్తాలంటే ఎంత వెడల్పుండాలి, వానాకాలంలో ఎన్నాళ్లకోసారి తీస్తున్నారు?

వెయ్యి చదరపు మీటర్ల కప్పు మీద 50 మి.మీ. వాన పడితే, 80 శాతం పట్టినా 40,000 లీటర్లు. అరుగులు కడగడానికి ఆ నీళ్లే వాడాలని ఉంది. ఇలాంటివి కట్టినవారూ, ముఖ్యంగా నడుపుతున్నవారూ చెప్పండి.