వేపచెక్కపై జగన్నాథుడి రిలీఫ్: నూగు లేస్తోంది, పలక వంగుతోంది

ప్రశ్న (పర్లాకిమిడి)
అన్నయ్యలూ, సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కుడు యంత్రం) మీద పని. 600×400 మి.మీ. వేప పలక, మందం 32. బలభద్ర, సుభద్ర, జగన్నాథుల రిలీఫ్ (ఉబ్బెత్తు చెక్కడం), లోతు 14. రఫింగ్‌కి (మొదటి ముతక కోతకి) 6 మి.మీ. ఎండ్‌మిల్ బిట్ (చదును మొన కోత పనిముట్టు), ఫినిషింగ్‌కి (చివరి నున్నటి కోతకి) 2 మి.మీ. గుండ్రటి మొన టేపర్ బాల్‌నోస్ బిట్. స్టెపోవర్ (పక్కపక్క వరసల మధ్య దూరం) 0.5 మి.మీ., స్పిండిల్ నిమిషానికి 18,000 చుట్లు, ఫీడ్ (బిట్ నడిచే వేగం) నిమిషానికి 3,000 మి.మీ. ఫొటోని గ్రేస్కేల్ (నలుపు తెలుపు ఛాయలు) చేసి టూల్‌పాత్ (బిట్ నడిచే దారి) తీశాను. దండల దగ్గర నూగు (లేచిన నార పోగులు), కళ్ల చుట్టూ మెట్లు. యంత్రం నుంచి దించిన మూడు రోజులకి అంచులు లేచి పలక దోనెలా అయింది. వేప మానేసి గుమ్మడి టేకుకి పోవాలా?

జవాబు (బరంపురం)
మెట్లని ఏటవాలు వెలుగులో చూడండి. బిట్ నడిచిన దారిలో తిన్నని గీతలైతే తప్పు స్టెపోవర్‌ది. చెరువులో నీరు దిగిన గుర్తుల్లా వలయాలైతే తప్పు బొమ్మది: 8 బిట్ బొమ్మ ఫైలులో 256 ఛాయలే, 14 మి.మీ. లోతుకి పంచితే మెట్టుకి సుమారు 0.055 మి.మీ. 16 బిట్ ఫైలు గానీ, ఎస్టీఎల్ (త్రీడీ ఆకారం ఫైలు) గానీ కావాలి. అసలు ఫొటోలో ఉండేది రంగు, లోతు కాదు. నల్లని జగన్నాథుడి ముఖం గొయ్యవుతుంది, తెల్లని బలభద్రుడిది ఉబ్బుతుంది. త్రీడీ మోడల్ చేయించక తప్పదు.

స్టెపోవర్ 0.2 పెట్టండి. 400 మి.మీ.కి 2,000 వరసలు, మొత్తం 1,200 మీటర్లు. నిమిషానికి 2 మీటర్ల చొప్పున 10 గంటలు. మలుపుల్లో వేగం తగ్గుతుంది కాబట్టి ఇంకా ఎక్కువే.

వేప నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది, ఏ దిక్కున కోసినా కొంత నూగు తప్పదు. కొత్త బిట్‌తో ఫినిషింగ్ అయ్యాక పలక కదపకుండా పలచని శాండింగ్ సీలర్ (పాలిష్ ముందు వేసే పూత) కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, అదే ఫైలుని 0.1 మి.మీ. కిందికి దించి మళ్లీ నడపండి. బిరుసెక్కిన నూగు తెగిపోతుంది.

జవాబు (సిరొంచ)
దోనె అయిందంటే లోపల పచ్చి ఉంది. తేమ మీటరు పలక పైన 12 శాతం చూపినా నడిమి చెక్క తడిగా ఉండొచ్చు. చెక్కిన ముఖం కొత్తగా ఆరి ముడుచుకుంటుంది. రఫింగ్‌లో 1.5 మి.మీ. చెక్క వదిలి పలక దించి, వారం రోజులు నిలువుగా, రెండు వైపులా గాలాడేలా పెట్టండి. తర్వాత వెనక ముఖం చదును చేసి మళ్లీ బిగించండి. అందుకే జెడ్ జీరో (ఎత్తు కొలిచే సున్నా) పలక పైనుంచి కాక యంత్రం బెడ్ (బల్ల) నుంచి తీసుకోవాలి. వెనక తీసింది 1 మి.మీ. దాటితే ఫినిషింగ్‌కి చాలినంత చెక్క మిగలదు. అదే చోట కూర్చోవడానికి అంచు వ్యర్థంలో రెండు డోవెల్ (చీల) రంధ్రాలు ముందే వేసుకోండి. పాలిష్ ముందు వైపు ఎన్ని పూతలు వేస్తే వెనక కూడా అన్నే వేయండి.

గుమ్మడి టేకు మెత్తన, వంపు తక్కువ, దండలకి బాగుంటుంది. మా వైపు టేకు వాడతాం గానీ అందులోని సిలికా బిట్ మొన తినేస్తుంది.

ప్రశ్న అడిగినవారు
పలకలో ఒక మూల ముడి ఉంది. ఫైలు మిర్రర్ (ఎడమ కుడి తారుమారు) చేస్తే తప్పించుకోవచ్చా?

జవాబు (బరంపురం)
వద్దు బాబూ. చూసేవారికి ఎడమన బలభద్రుడు, కుడిన జగన్నాథుడు ఉండాలి. పలకనే 180 డిగ్రీలు తిప్పి బిగించండి.